ఐదో నియమం

చేవెళ్ల,
1938 జూన్ 12

చెల్లె సరోజకు, అక్క ధనమ్మ రాసేది.

నిన్న బండి యాదయ్య నీ ఉత్తరమూ బడి కాయితమూ రెండూ తెచ్చిచ్చిండు. పిల్లలను బడికి పంపే ఇండ్లోళ్లు పాటించవలసిన నియమాలని మీద పెద్ద అక్షరాలున్నయి. మొత్తం ఎనిమిది. నాకు వచ్చిన చదువెంతని, ఒక్కొక్కటి కూడబలుక్కొని చదివేసరికి పొయ్యి మీద అన్నం మాడిపోయింది. చదివినకొద్ది ఫికర్ ఎక్కువైంది గాని తక్కువ కాలే.

ఒకటోది, గంట కొట్టకముందు పిల్లను పంపొద్దన్నరు. నువ్వేమో పంతులమ్మవు, అందరికన్న ముందుగాల పోవాలె. మరి అప్పటిదాక నా మనవరాలు ప్రేమను ఇంట్ల ఒక్కదాన్ని ఇడిసిపెట్టిపోతవా? వెంట తోలుకపో. నియమం తప్పితే తప్పింది. రెండోది, బడి ఇడిసినంక పేరు రాసిచ్చిన మనిషి చేతికే పిల్లను అప్పజెప్తమన్నరు. ఇది నాకు మంచిగనిపించింది. నీ పేరు, నా పేరు, రెండే రాయించు. దాని తండ్రి పేరు రాయకు. నా బిడ్డ విమల పోయి ఏడాది కాకముందే పట్నంల ఇంకోదాన్ని చేసుకున్నోడు, పిల్లకు ఏడేండ్లు వచ్చినయని కూడ ఎరుగడు.

మూడోది, ఒంటిమీద నగలు వద్దన్నరు. పట్టీలు తీసిపెట్టిన. ఒక పూటంత ఏడ్సింది. నాలుగోది బావి సంగతి. బడి వెనక బావికి గట్టు కట్టినం, అయినా పిల్లలకు చెప్పి పంపుండ్రి అని ఉన్నది. గట్టు ఎంత ఎత్తున్నదో రాయలే. మోకాలి దాకనా, నడుము దాకనా? కొలిచి రాయి. ఐదోది, చేతిమీద టీకా గుర్తు ఉండాలెనన్నరు. అది ఉన్నది. ఆరోది, జ్వరమున్న ఇండ్లకు పిల్లలు పోవద్దు, ఆ ఇండ్ల పిల్లలు బడికి రావద్దు అన్నరు. మరి నీకే జ్వరమొస్తే పిల్ల ఎక్కడ పండాలె? ఏడోది వాగు. వాగు పారేటప్పుడు అవతలి పిల్లలు రావద్దని. మన పిల్లకు వాగు అడ్డం లేదు కద? ఎనిమిదోది, అంచు విరిగిన పలక పంపొద్దని. కొత్తది కొన్న, అంచులు నేనే చేతితోని తడిమి చూసిన.

పిల్లకు రాత్రిపూట కాళ్లు గుంజుతయి, జర పిసుకు. కుక్కలకు భయపడతది. నేను కూడ భయపడత.

కాయితం కింద నా పేరు రాసి పంపుతున్న.

నీ అక్క
ధనమ్మ


మొయినాబాదు,
1938 జూలై 3

అక్కా,

నీ ఉత్తరం చదివి నవ్వుకున్న. మా పెద్దపంతులు స్వామిదాసుగారికి చదివి వినిపించిన, ఆయన కూడ నవ్విండు. "మీ అక్కను ఒక్కనాడు తీసుకరా, ఇంకో పది నియమాలు రాసిపోతది" అన్నడు.

బావిగట్టు కొలిచిన. ప్రేమను పక్కన నిలబెట్టి కొలిచిన, దాని గడ్డం దాక వచ్చింది. "నేను ఎక్కాలంటే నిచ్చెన కావాలె, ఆ మాట అమ్మమ్మకు రాయి" అన్నది. రాస్తున్న. పొద్దున నా వెంటనే వస్తది, గంట కొట్టేది కూడ ఇప్పుడు అదే. వాగు మనకు అడ్డం లేదు. పిల్లకు రాధ అని ఒక దోస్తు కలిసింది, మా ఇంటి వెనక భిక్షపతి బిడ్డ. ఇద్దరు ఒక్క పలక మీద రాస్తరు.

మొన్న టీకాల డాక్టరు వచ్చి పిల్లలందరి చేతులు చూసిండు. ప్రేమ చెయ్యి పట్టుకొని, "ఈ మచ్చలేంది గింత నల్లగున్నయి?" అన్నడు. నాకు కోపమొచ్చింది. మా అక్క కడుపుల పెట్టుకొని పెంచిన పిల్ల, దగ్గరుండి వేయించింది, నాది పూచీ అన్న. రిజిస్టరుల దాని పేరు పక్కన సంతకం కూడ పెట్టిన. ఇంకేం అడగలే. ఐదో నియమం తప్పిన పిల్లలు ఐదుగురు ఉండిరి. వాళ్లకు అక్కడనే వేసిండు. ఒకటే లొల్లి.

నువ్వు మంచిగ తిను. ఫికర్ తగ్గించుకో.

సరోజ


చేవెళ్ల,
1938 జూలై 9

సరోజా,

గట్టు గడ్డం దాక అని రాస్తివి, జర మనసు నిమ్మళమైంది. అయితే పిల్లలు ఒకరిని ఒకరు ఎత్తుకుంటరు, ఆ సంగతి మర్చిపోకు.

డాక్టరు సంగతి రాస్తివి. ఆయన మళ్ల వస్తడా? ఏడాదికి ఒక్కసారేనా, నెలనెలా వస్తడా? ఒకసారి చూసిన చెయ్యి మళ్ల చూస్తడా? ఊరికెనే అడుగుతున్న. యాదయ్య చేతికి రెండు జాకెట్లు పంపుతున్న, నిండు చేతులవి కుట్టించిన. వానకాలం కద, పిల్లకు సలి పెడతది. అవే తొడుగు.

నువ్వు దాని కోసం సంతకం పెట్టినవని చదివి ఆ పూట అన్నం తినబుద్ధి కాలే. నీకు ఎందుకమ్మా గంత తొందర. సంతకం అంటే చిన్న సంగతా?

ధనమ్మ


మొయినాబాదు,
1939 ఫిబ్రవరి 8

అక్కా,

నీకు ఎవరన్న చెప్పి నువ్వు బెదరకముందే నేనే రాస్తున్న. సురంగల్‌ల మశూచి వచ్చింది. అక్కడి చుట్టాలింటికి పోయొచ్చిన భిక్షపతి ఇంట్ల కూడ వచ్చింది. రాధకు వారం దినాలసంది జ్వరముండె, ఇప్పుడు ఒళ్లంత పొక్కులు. టీకాల డాక్టరు వచ్చిననాడు అది బడికి రాలే. దానికి టీకా వేయిస్తనని భిక్షపతి రెండేండ్లసంది చెప్తనే ఉన్నడు, వేయించలే. ఎవరినీ అనేటట్టు లేదు.

పెద్దపంతులు అందరి చేతులు మళ్ల చూపించి, రాధ లెక్కనే ఆనాడు తప్పిపోయిన, గుర్తులేని పిల్లలను ఇండ్లకు పంపిండు. గుర్తున్నోళ్లు రావొచ్చు. టీకా ఉన్నోళ్లకు ఈ రోగం అంటదు కాబట్టి ఆరో నియమం కూడ వాళ్లకు సడలించిండు. మన ప్రేమ ఎంత ధైర్యంగల్లదో నీకు రాయాలె. రాధ ఒక్కతే పడి ఉన్నదని ఏడ్సింది. "నాకు టీకా ఉన్నది కద, నేను పోత" అన్నది. నేనే పంపిన. మొన్నటిసంది రెండుపూటల గంజి అదే కొంచపోతున్నది, పక్కన కూసోని కథలు చెప్తున్నది. రాధ తల్లి నా చెయ్యి పట్టుకొని కండ్లనీళ్లు పెట్టుకున్నది.

నీ పెంపకం చూసి నాకు గర్వమైతున్నది అక్కా.

సరోజ


చేవెళ్ల,
1939 ఫిబ్రవరి 10

సరోజా,

ఉత్తరం అందంగనే రాస్తున్న. ప్రేమను యాదయ్య బండ్ల ఇప్పుడే ఎక్కించి పంపు. నాకు ఒంట్ల మంచిగ లేదు. జ్వరం వచ్చింది, లేవలేకుంట పడి ఉన్న. పిల్లను చూడాలె. గంజి గింజి ఏం వద్దు. ఆ ఇంటికి ఇంకొక్కసారి పంపినవంటే నా మీద ఒట్టు.

ఏమి అడగకు, పంపు.

ధనమ్మ


మొయినాబాదు,
1939 ఫిబ్రవరి 13

అక్కా,

నీకు జ్వరమని చదివిన. యాదయ్య చేతికి దవాఖాన పొడి పంపుతున్న, పూటకు ఒక పొట్లం వేడినీళ్లల్ల వేసుకో. పక్కింటి గోపమ్మను పిలిచి వండించుకో.

ప్రేమను మాత్రం పంపలేను. పెద్దపంతులును అడిగిన. రోగమున్న ఊరి పిల్లలను వేరే ఊర్ల జ్వరమున్న ఇంటికి పంపొద్దని ఈ నెలల కొత్తగ నియమం పెట్టిండ్రు. పిల్లకు ఏం కాదు గాని, ఇక్కడి రోగం దాని బట్టలకు అంటి నీ దాక వస్తది. నువ్వు ముసలిదానివి, పైన జ్వరం. నువ్వు మంచిగుంటే ఇయ్యాలనే యాదయ్య బండి ఎక్కిద్దును. నీకు తగ్గిందని రాయి, మర్నాడే పంపుత.

నువ్వు ఒట్టు పెట్టినవు గాని, రాధ దగ్గరికి పోకుంట దాన్ని ఆపుడు నా వల్ల కాలే. "అమ్మమ్మకు అన్నింటికి భయమే" అని నవ్వుతున్నది. జర ఊపిరి పీల్చుకో అక్కా. అన్ని నియమాలు పాటించిన ఇల్లు మనది.

సరోజ


చేవెళ్ల,
1939 ఫిబ్రవరి 15

సరోజా,

ముందుగాల ఈ ఒక్క మాట చదివి లేచి పో, మిగతాది తర్వాత చదువు. ప్రేమకు టీకా వేయించలే. డాక్టరును పిలిపించి ఇప్పుడే వేయించు.

నాకు జ్వరం లేదు. పిల్లను తెప్పించుకుందామని అబద్ధం రాసిన. ఆ అబద్ధమే దాన్ని అక్కడ ఆపింది. నిజం రాస్తే నీ సంతకం ఏమైతదో అనుకున్న, బళ్లె నుంచి పిల్లను తీసేస్తరనుకున్న. ఇంకా ఏమేమో అనుకున్న.

నా కొడుకు పౌలు నీకు యాదికుండడు, నువ్వు చిన్నదానివి. వాడికి నాలుగేండ్లప్పుడు మిషన్ దవాఖానకు తోలుకపోయి టీకా వేయించిన. మూడోనాడు జ్వరం, పదోనాడు పాయె. దొరసాని డాక్టరమ్మ ఇంటికి వచ్చి, ఇది టీకాతోని కాదు, ఊర్ల నలుగురికి వచ్చిన విషజ్వరం అని చెప్పింది. నా చెవులు విన్నయి, కడుపు వినలే. నా చేతులతోని తోలుకపోయి చంపుకున్న అనే నలభై ఏండ్లు అనుకున్న.

పోయిన ఎండకాలం చేవెళ్లల టీకాలు వేసిననాడు ప్రేమను తోలుకపోయిన. వరుసల నిలబడ్డం. మా ముందట ముగ్గురే ఉండిరి. ఒక పిల్ల చెయ్యి పట్టంగనే కేక పెట్టింది. మా పిల్లకు కడుపునొప్పి అని చెప్పి తోలుకొని వచ్చేసిన. తర్వాత నీ బడి మాట వచ్చింది. గుర్తు లేనిది చేర్చుకోరని యాదయ్య చెప్పిండు.

మన చాకలి బుచ్చయ్య బట్టలకు గుర్తులు పెట్టే జీడిగింజలు ఉంటయి కద. దుప్పట్లకు గుర్తు పెట్టుకుంట అని రెండు అడుక్కొచ్చిన. "నీ దుప్పటి ఎవరెత్తుకపోతరు ధనమ్మా" అని నవ్విండు. గింజను దీపం మీద కాల్చి, సొన కారంగనే సూదికొసతోని దాని చేతిమీద రెండు చోట్ల గుండ్రంగ అంటించిన. పొక్కులు లేచినయి. మస్తు ఏడ్సింది. "అమ్మమ్మా, టీకా అంటే గిదేనా?" అన్నది. గిదే బిడ్డా అన్న. వారం దినాలు కొబ్బరినూనె రాసిన. మచ్చలు పడ్డంక నాకు సంబురమైంది సరోజా. పిల్లకు సూదీ తప్పింది, బడీ దక్కింది, నాకెంత తెలివి ఉన్నదనుకున్న.

దానికి ఈ సంగతి తెల్వదు. నిజంగ టీకా ఉన్నదనుకొనే రాధ దగ్గర కూసున్నది.

యాదయ్యను బతిమిలాడి ఇప్పుడే పంపుతున్న. ఎట్లన్న చెయ్యి.

ధనమ్మ


మొయినాబాదు,
1939 ఫిబ్రవరి 18

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. పిల్లకు నిన్న పొద్దుననే జ్వరం తగిలింది. డాక్టరు వచ్చి చూసి పోయిండు. ఆయన అన్నది ఇప్పుడు రాయను.

నువ్వు రాకు. ఎవరినీ రానిస్తలేరు.

సరోజ


మొయినాబాదు,
1939 ఏప్రిల్ 2

అక్కా,

ప్రేమ బతికింది. ఇయ్యాల గోడ పట్టుకొని నాలుగు అడుగులు వేసింది. ముఖమంత మచ్చలు పడ్డయి. ఎడమ కన్ను పోయింది. తెల్లగ పూత పట్టింది, ఇక రాదు అన్నరు. కుడి కన్నుకు ఏం కాలే. రాధ కూడ బతికింది, దానికి కండ్లు రెండు మంచిగున్నయి.

నలభై దినాలు నీకు ఎందుకు రాయలేదో నువ్వే ఎరుగుదువు. కాగితం ముందట పెట్టుకునేదాన్ని. ఏం రాసినా తిట్టే వస్తుండె, చింపేసేదాన్ని.

టీకా గుర్తున్న పిల్లకు ఎట్ల వచ్చిందని పెద్దపంతులు అడిగిండు. ఎప్పుడన్న ఒక్కొక్కరికి టీకా పట్టదు అని డాక్టరే అన్నడు. నేను పక్కనే నిలబడి ఉన్న. నోరు తెరవలే. నీ కోసం తెరవలేదని రాద్దామనుకున్న గాని అది సగమే. ఆ రిజిస్టరుల ఉన్నది నా సంతకం. రాధ దగ్గరికి పంపింది నేను. పిల్ల అడిగితే, "నీకు టీకా పట్టలే బిడ్డా" అన్న. అట్లనా అన్నది.

నీ ఉత్తరం పెట్టెల అడుగున పెట్టిన. ఇద్దరికే తెలుసు. ఇద్దరితోనే పోనీ.

సరోజ


చేవెళ్ల,
1939 ఏప్రిల్ 7

సరోజా,

నువ్వు తిట్టి రాసిన కాయితాలు చింపకుంటే మంచిగుండు. పంపితే చదువుతుంటి.

ఈసారి నేను ఏమి అడగను. గట్టు అడగను, కుక్కలు అడగను. అడిగే నోరు లేదు. పిల్ల ఏ చెయ్యి మీద తల పెట్టుకొని పండుతున్నది, ఎడమ పక్కనుంచి ఎవరన్న వస్తే ఉలిక్కిపడతదా, ఇవే మనసుల తిరుగుతుంటయి. జవాబు రాయకు.

ఎండకాలం సెలవుల్ల పంపుతవా? పంపకున్నా సరే.

ధనమ్మ


మొయినాబాదు,
1946 జనవరి 14

అక్కా,

పండుగలకు, మందులకు, ప్రేమ సెలవులకు తప్ప ఏడేండ్లుగ మనం ఒకరికొకరం వేరే మాట రాసుకోలే. ఈ ఉత్తరం వేరే.

ఎంకపల్లిల, జన్వాడల మశూచి వచ్చింది. వచ్చే నెల మూడో తారీఖున బళ్లె టీకాలు వేస్తరు. మా ఊరి ఇండ్లోళ్లను పిలిచి ఐదో నియమం చెప్పే పని పెద్దపంతులు ప్రేమకే ఇచ్చిండు. చిన్న పిల్లలకు అక్షరాలు నేర్పేది ఇప్పుడు అదే కద, తల్లులందరికి దగ్గరి పిల్ల. నిన్న నలభై మంది వచ్చిండ్రు. నేను వెనక కూసున్న.

పిల్ల మంచిగనే మొదలుపెట్టింది. బాలనర్సమ్మ అని ఒకామె లేచి, "టీకా వేయించుకుంటే రాదంటవు, మరి నీ కన్ను ఎట్ల పాయె?" అన్నది. ప్రేమ అబద్ధమాడే పిల్ల కాదు. జాకెట్ చెయ్యి పైకి మడిచి మచ్చలు చూపించింది. "నాకూ చిన్నప్పుడు వేసిండ్రు. నాకు పట్టలే. ఎవరో ఒక్కరికి గిట్లయితది. మీరు వేయించుండ్రి" అన్నది. బాలనర్సమ్మ దాని ముఖం చూసింది, చేతిని చూసింది, చంకల బిడ్డను సదురుకొని వెళ్లిపోయింది. ఆమె వెనక ఒక్కొక్కరు లేచిండ్రు. చివరికి ఆరుగురు మిగిలిండ్రు. ఇప్పుడు ఊర్ల ఒకటే మాట. పంతులమ్మ మనవరాలికి టీకా వేసినా కన్ను పాయె, మనకెందుకు అని.

ప్రేమ రాత్రి అన్నం తినలే. "నా ముఖం చూసి పోయిండ్రు చిన్నమ్మమ్మా" అన్నది.

ఆనాడు డాక్టరు అన్నది నీకు రాయలే. ఇప్పుడు రాస్తున్న. ఇంకోసారి టీకా వేయమని బతిమిలాడితే, "వారం ముందు వేస్తే ఆగేది, ఇప్పుడు పని చెయ్యదు" అన్నడు. వారం ముందు నీకు జ్వరమని ఉత్తరం వచ్చింది. నేను పొడి పంపిన. నిన్ను పొడవాలని రాస్తలేను. మనిద్దరం నోరు మూసుకుంటే ఏమైతదో ఒకసారి చూసినం, మళ్ల చూడాలెనా?

సరోజ


చేవెళ్ల,
1946 జనవరి 18

సరోజా,

అక్షరాలు వంకర పోతే ఓపిక పట్టు.

నువ్వు చెప్పేది న్యాయమే. నాకు డెబ్బై దాటినయి. ఇంకెన్ని దినాలుంటనో. నేను పోయినంక చెప్పు. ఆ పిల్ల సెలవులకు వస్తది, నా పక్కన పండుతది, నా తలకు నూనె రాస్తది. "మా అమ్మమ్మ అసొంటి మనిషి ఉండదు" అని అందరికి చెప్తది. నేను బతికున్నన్ని దినాలు దాన్ని ఉండనీ. గిదొక్కటే అడుగుతున్న.

మూడో తారీఖుకు ఇంకా పదిహేను దినాలున్నయి. ఆలోపు తల్లులు వాళ్లంతల వాళ్లే రావొచ్చు కద? పెద్దపంతులు గట్టిగ చెప్తే రారా? రాకపోతే బళ్లె నుంచి తీసేస్తమంటే రారా?

ఇది రాసినంక మళ్ల చదువుకున్న. తీసేస్తమని బెదిరిస్తే నా అసొంటిది ఏం చేస్తదో నాకే తెలుసు. ఊరూరికి చాకలోళ్లు ఉన్నరు.

ధనమ్మ


మొయినాబాదు,
1946 జనవరి 23

అక్కా,

పెద్దపంతులుగారికి నా వంతు నేను చెప్పిన. సంతకం సంగతి, నోరు మూసుకున్న సంగతి. పని తియ్యలే గాని, రిజిస్టరు ఇక నా చేతిల ఉండదన్నడు. అది న్యాయమే.

నీ వంతు నేను చెప్పలే. జన్వాడల ఇద్దరు పిల్లలు పోయిండ్రని నిన్న తెలిసింది. నువ్వు వస్తవా, నన్ను చెప్పమంటవా? వచ్చేటట్టయితే ఒక్కనాడు ముందు రా. పిల్లకు ముందుగాల ఒక్కదానికి చెప్పు. నలుగురిల వినాల్సిన మాట కాదు అది.

సరోజ


చేవెళ్ల,
1946 జనవరి 27

సరోజా,

నువ్వు చెప్పకు. నేనే వస్త. యాదయ్యకు చెప్పిన.

ధనమ్మ


చేవెళ్ల,
1946 ఫిబ్రవరి 9

సరోజా,

ఇల్లు చేరి నాలుగు దినాలైంది. ఒళ్లు నొప్పులు తప్ప బాగనే ఉన్న. ప్రేమ మొన్న నీ దగ్గరికి చేరిందని యాదయ్య చెప్పిండు. నీకు ఏమన్న చెప్పిందో లేదో తెల్వదు. చెప్పకపోతే నేను చెప్పాల్సి ఉన్నది, అందుకే రాస్తున్న.

బడి ముందట అందరిల నేను చెప్పింది నువ్వు విన్నవు. ఎట్ల చెప్పిన్నో నాకే యాదికి లేదు. జీడిగింజ అన్నప్పుడు ఆ ఆడోళ్లందరు ఒక్కసారి ఊపిరి బిగబట్టింది మాత్రం యాదికున్నది. బాలనర్సమ్మ లేచి, "నువ్వు చేసిన పాపానికి మేము బెదిరినమా ముసలిదానా" అన్నది. అంటే అననీ. బిడ్డ చెయ్యి చాపించింది. ఆమె వెనక ఎంతమంది చాపించిండ్రో నువ్వే లెక్క చూసుకున్నవు. నేను తల ఎత్తలే.

నువ్వు ఒక్కనాడు ముందు రమ్మంటివి. వచ్చిన. పిల్లకు ముందుగాల చెప్పుమంటివి. రాత్రంత దాని పక్కన పండుకొని ఉన్న, నోరు రాలే. పొద్దున జడ వేసిన, అప్పుడూ రాలే. బడికి నడుచుకుంట పోతుంటే నా ఎడమచెయ్యి పట్టుకొని, "అమ్మమ్మా, నువ్వు ఇంతదూరం వచ్చి మాట్లాడతనంటున్నవంటే నాకెంత ధైర్యమైతున్నదో" అన్నది. గప్పుడన్న చెప్పాలె కద. చెప్పలే సరోజా. అందరితోని పాటు నిలబడి విన్నది. నీకు తెల్వకుంట దాచిన, క్షమించు. పిల్లకు ముందే చెప్పినవా అని నువ్వు కండ్లతోని అడిగితే తల ఊపిన కద, అది కూడ అబద్ధమే.

తిరిగొచ్చేనాడు నన్ను దిగబెట్టను అది బండ్ల ఎక్కినప్పుడు నువ్వు సంబురపడ్డవు, పిల్ల మనసు పెట్టుకోలేదని. బండి ఎంకపల్లి దాటేదాక బాట దిక్కే చూసింది. నా ఎడమ పక్కన కూసున్నది, మంచి కన్ను నా పక్కకే ఉన్నది, అయినా నన్ను చూడలే. యాదయ్య రెండుసార్లు ఏదో అడిగి ఊకున్నడు. నేను ఏడ్వలే, ఏడిస్తే అది నన్ను ఓదార్చాలె.

పొలాల నడుమకు వచ్చినంక నా దిక్కు తిరిగింది. కోపంతోని అడగలే. బళ్లె పిల్లలను అడిగినట్టు, నిదానంగ అడిగింది.

"అమ్మమ్మా, నువ్వు భయపడి చేసినవు. ఆ సంగతి అర్థమైంది. నన్ను చంపుదామని చెయ్యలే. ఒక్క మాట చెప్పు. నీకు నా గురించి మళ్ల గంత భయమైతే, ఈసారి నాకు చెప్పి చేస్తవా, చెప్పకుంట చేస్తవా?"

చెప్పే చేస్త బిడ్డా అన్న. వెంటనే అన్న. అది నా ముఖం చాలసేపు చూసింది. ఆ ఉన్న ఒక్క కన్నుతోని గట్టిగ చూసింది. "సరే" అన్నది. ఇంటికొచ్చి ఎప్పటిలెక్కనే నా తలకు నూనె రాసింది, అన్నం పెట్టింది. మర్నాడు పొద్దున యాదయ్య బండ్ల వెళ్లిపోయింది. గడప దగ్గర కాళ్లకు వంగింది గాని, ఎండకాలం వస్తనని అనలే. ప్రతిసారి అంటది.

నాలుగు దినాలసంది నేను అన్న జవాబు గురించే ఆలోచిస్తున్న. చెప్పే చేస్త అన్న. నోటికి అంత జల్ది వచ్చిన మాట నిజమెట్లయితది? నిన్న దానికి దగ్గు ఉన్నదని యాదయ్య చెప్తే, నీకు చెప్పకుంట దాన్ని ఎట్ల పిలిపించుకోవాలె, ఏం సాకు రాయాలె అని పొయ్యి ముందట కూసోని గంట సేపు ఆలోచించిన. అప్పుడు నాకే తెలిసొచ్చింది. పిల్ల అడిగినదానికి నేను తప్పు జవాబు చెప్పిన.

ఈ కాయితం దానికి చదివి వినిపించు. నువ్వు మధ్యల ఏమి సర్దకు, నా పక్కన మాట్లాడకు. ఎట్ల రాసిన్నో అట్లనే చదువు. చెప్పి చేస్తనో, చెప్పకుంట చేస్తనో నాకు తెల్వదు బిడ్డా అని మీ అమ్మమ్మ రాసిందని చెప్పు. ఇది మాత్రం నీకు చెప్పే రాస్తున్న అని చెప్పు.

దగ్గుకు ఏం మందు ఇస్తున్నవో పిల్లనే రాయమను. రాయాలని దానికి అనిపిస్తేనే.

ధనమ్మ